కె రీడింగుతో నీటికాసులు తెలుస్తాయా? ఏ పరీక్ష ఎవరికి పనికొస్తుంది?

కావలి నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, ముప్పై దాటి ఉంటాయి. చేతిలో కళ్లజోళ్ల షాపు మెషిన్ నుంచి వచ్చిన చిన్న స్లిప్పు, జేబులో మడతలు పడి మెత్తబడిపోయి ఉంది. "అన్నా, మా నాయనకి నీటికాసులొచ్చి ఒక కన్ను పోయింది. నా స్లిప్పులో కె అని 46 ఉంది. కార్నియా వంపు ఎక్కువుంటే గ్లకోమా అని ఫోన్లో చదివా. నాకూ వచ్చేసినట్టేనా?" అన్నాడు. మూడు రాత్రులు నిద్ర లేదట. తోడుగా వాళ్ల అక్క కూడా వచ్చింది, ఆమె బయట బెంచీ మీద కూర్చుంది.

నేను డాక్టర్ని కాదు. కందుకూరు, కావలి, సింగరాయకొండ చుట్టుపక్కల పద్నాలుగేళ్లుగా కళ్లు పరీక్ష చేస్తున్న ఆప్టోమెట్రిస్ట్‌ని. ఈ ప్రశ్న ఈమధ్య తరచూ వింటున్నా, ఎందుకంటే ఆ మెషిన్ ఇప్పుడు చిన్న టౌన్లలో కూడా ఉంది, స్లిప్పు ఊరికే ఇస్తారు, దాని మీద అంకెలుంటాయి, అంకె కనపడితే ఎవరికైనా భయమో ధైర్యమో ఏదో ఒకటి కలుగుతుంది. ఊరికే వచ్చిన ఆ వంపు లెక్కతో సరిపెట్టుకోవచ్చా, క్యాంపులో కంటి ప్రెషర్ (కంటి లోపలి ఒత్తిడి) చూపించుకుంటే చాలా, లేక చెన్నై దాకా పోయి స్కానింగులన్నీ చేయించుకోవాలా అని తేల్చుకోలేకపోతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా.

నా సలహా ముందే చెప్తా. నీటికాసులంటే, అదే గ్లకోమా, కంటి నరం మెల్లగా పాడైపోయే జబ్బు. ఒక్క పరీక్షకే ఓపిక, డబ్బు ఉంటే కంటి నరం చూపించుకోండి. కె రీడింగు నరాన్ని చూడదు. మిగతా పరీక్షల ఫలితాన్ని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పడానికి మాత్రం అది పనికొస్తుంది, అదీ కొందరికే.

## అసలా 46 అంటే ఏంటి

నల్లగుడ్డు మీద వాచీ అద్దంలా ఉండే పారదర్శకమైన పొర కార్నియా. మెషిన్ దాని మీద వెలుగు వలయాన్ని వేసి, ఆ ప్రతిబింబం ఎంత పెద్దగా కనిపించిందో కొలిచి వంపు లెక్కగడుతుంది. స్లిప్పులో మిల్లీమీటర్లలో ఉండేది ఆ వంపు వ్యాసార్ధం. 337.5ని దాంతో భాగిస్తే కె అంకె వస్తుంది, దాన్ని డయాప్టర్లలో చెప్తారు. 7.8 మిల్లీమీటర్లయితే సుమారు 43.25, 7.5 అయితే 45. అంకె పెద్దదయ్యేకొద్దీ వంపు ఎక్కువని అర్థం. పెద్దవాళ్లలో సగటు 43, 44 దగ్గర ఉంటుంది. 46 కొంచెం ఎక్కువే, కానీ ఆ ఒక్క అంకె జబ్బు కాదు.

నీటికాసులతో ఈ వంపుకి సంబంధం రెండు చోట్ల ఉంది.

మొదటిది ప్రెషర్ కొలతలో. గోల్డ్‌మన్ టోనోమీటర్ కార్నియా మీద 3 మిల్లీమీటర్ల చిల్లర వెడల్పున్న చిన్న వలయాన్ని చదును చేయడానికి ఎంత ఒత్తిడి పట్టిందో చూస్తుంది. వంపు ఎక్కువున్న కార్నియాని చదును చేయడానికి కాస్త ఎక్కువ బలం పడుతుంది, అందుకని రీడింగు కాస్త ఎక్కువ చూపిస్తుంది. ఎంత ఎక్కువ? 3 డయాప్టర్లకి సుమారు 1 మిల్లీమీటరు (ప్రెషర్‌ని పాదరసం మిల్లీమీటర్లలో కొలుస్తారు). అంటే 43 ఉన్నవాడికీ 46 ఉన్నవాడికీ తేడా ఒక్క మిల్లీమీటరు. పొద్దున చూసిన ప్రెషర్‌కీ సాయంత్రం చూసిన ప్రెషర్‌కీ మధ్యే అంతకంటే ఎక్కువ తేడా రావచ్చు. ఆ కుర్రాడి మూడు రాత్రుల నిద్ర పోయింది ఈ ఒక్క మిల్లీమీటరు కోసం.

రెండోది కంటి నిర్మాణంలో. నీటికాసుల్లో రెండు పెద్ద రకాలున్నాయి. ఒకదాంట్లో కంటిలో నీరు బయటికి పోయే మూల తెరిచే ఉంటుంది, కానీ కాలువ మెల్లగా మొరాయిస్తుంది. రెండోదాంట్లో ఆ మూలే ఇరుకైపోయి మూసుకుపోతుంది. మూసుకుపోయే రకం వచ్చే కళ్లు సాధారణంగా చిన్నవి: పొడవు తక్కువ, కార్నియా వెనక ఉండే ముందు గది లోతు తక్కువ, లోపలి లెన్సు మందం ఎక్కువ, కార్నియా చిన్నగా, కొంచెం ఎక్కువ వంపుతో ఉంటుంది. ఈ గుంపులో వంపు ఒక సభ్యుడు, అంతే. దూరం చూపు అద్దాల్లో ప్లస్ నంబరుతో కలిసి వస్తే దానికి విలువుంది. మైనస్ నంబరున్న కుర్రాడిలో అదే 46 ఈ కోణంలో దాదాపు ఏమీ చెప్పదు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

పరీక్ష పేరు చూసి, మెషిన్ సైజు చూసి ఎంచుకోకండి. నేను మా ఇంట్లోవాళ్లకి చెప్పేటప్పుడు చూసుకునేవి ఇవి: ఆ పరీక్ష జబ్బునే చూస్తుందా, జబ్బు వచ్చే అవకాశాన్ని మాత్రం చూస్తుందా? రెండు రకాల్లో దేన్ని పట్టుకుంటుంది? దేని వల్ల మోసపోతుంది? మళ్లీ ఏడాదికి అదే పరీక్షకి మీరు నిజంగా వెళ్తారా? ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఒకసారి చూసి వదిలేస్తే నీటికాసుల్లో పెద్దగా ఉపయోగం లేదు. అది ఏళ్ల తరబడి మెల్లగా తినేసే జబ్బు, నిన్నటితో పోల్చి చూస్తేనే ఇవాళ్టి మార్పు కనపడుతుంది.

| పరీక్ష | ఏం చూస్తుంది | దేని వల్ల మోసపోతుంది | దొరికే చోటు |
|---|---|---|---|
| కె రీడింగు | కార్నియా వంపు | పొడి కళ్లు, కాంటాక్ట్ లెన్సు. జబ్బుని అసలు చూడదు | కళ్లజోళ్ల షాపు |
| గాలి ఊదే మెషిన్ | ప్రెషర్, ఉజ్జాయింపుగా | కార్నియా మందం, కళ్లు బిగించడం | క్లినిక్కులు, క్యాంపులు |
| గోల్డ్‌మన్ | ప్రెషర్, నమ్మకంగా | మందం ఎక్కువగా, వంపు కొద్దిగా | కంటి డాక్టర్ దగ్గర |
| పాకీమెట్రీ | కార్నియా మందం | పెద్దగా ఏమీ లేదు; ఒకసారి చేస్తే చాలాకాలం చాలు | ఓ మాదిరి కంటి ఆసుపత్రి |
| గోనియోస్కోపీ | మూల తెరిచుందా, మూసుకుందా | చేసేవాళ్ల అనుభవం | అలవాటున్న డాక్టర్ దగ్గర |
| కంటి నరం చూడటం | జబ్బునే | పుట్టుకతో పెద్ద కప్పు (నరం మధ్యలో గుంట), ఎక్కువ మైనస్ | కంటి డాక్టర్ దగ్గర |
| ఓసీటీ స్కానింగు, ఫీల్డ్ టెస్ట్ | నరం పలచబడటం, చూపు పరిధి | ఎక్కువ మైనస్, మొదటిసారి కంగారు | పెద్ద ఆసుపత్రులు |

## ప్రెషర్ ఒక్కటే చూపించుకుంటే

క్యాంపుల్లో గాలి ఊదే మెషిన్ పెట్టి, 21 లోపుంటే 'నార్మల్' అని రాసి పంపేస్తారు. నాకు బాధ కలిగించే మాట అది. 10 నుంచి 21 దాకా మామూలు అంటారు కానీ, ప్రెషర్ ఆ లోపే ఉండి నరం పాడైపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. మన దేశంలో ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి చేసిన సర్వేల్లో నీటికాసులున్నవాళ్లలో పదికి తొమ్మిదిమంది కంటే ఎక్కువమందికి తమకా జబ్బున్నట్టే తెలియదని తేలింది. మా పెదనాన్న అలాంటివాడే. టంగుటూరు దగ్గర ఒక క్యాంపులో ప్రెషర్ 18 వచ్చింది, కాగితం మీద బాగుందని రాశారు, మూడేళ్ల తర్వాత పొగాకు బ్యారన్ మెట్లు దిగుతూ పక్కనున్న మనిషిని చూడక గుద్దుకున్నాడు. అప్పటికి కుడికన్ను మధ్యలో తప్ప చుట్టూ ఏమీ మిగల్లేదు. కార్నియా మందం కొలిస్తే 480 మైక్రాన్లు.

ఇక్కడే మందం సంగతి. గోల్డ్‌మన్ మెషిన్‌ని సుమారు 520 మైక్రాన్ల మందానికి సరిపోయేలా తయారుచేశారు. కార్నియా పలచగా ఉంటే అసలు ప్రెషర్ ఎక్కువున్నా రీడింగు తక్కువ చూపిస్తుంది, మందంగా ఉంటే ఎక్కువ చూపిస్తుంది. అమెరికాలో ప్రెషర్ ఎక్కువున్న 1,636 మందిని ఏళ్ల తరబడి గమనించిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. ఎవరికి నీటికాసులొస్తాయో ముందే సూచించిన వాటిలో వయసు, నరంలో కప్పు సైజు, ప్రెషర్, పలచటి కార్నియా ఉన్నాయి. 555 మైక్రాన్లు, అంతకంటే తక్కువ ఉన్నవాళ్లకి ముప్పు, బాగా మందంగా ఉన్నవాళ్లతో పోలిస్తే మూడు రెట్లు ఉంది. వంపు ఆ జాబితాలో లేదు. వంపా, మందమా అని ఎవరైనా అడిగితే, తడుముకోకుండా మందం కొలిపించుకోండి అంటా.

ఇంకో మాట. మందాన్ని, వంపుని బట్టి ప్రెషర్ అంకెని సరిచేసే ఫార్ములాలు నెట్‌లో దొరుకుతాయి, దయచేసి ఇంట్లో కూర్చుని కూడికలు తీసివేతలు చేయకండి. ఒక ఫార్ములాకీ ఇంకో ఫార్ములాకీ పొంతన ఉండదు. పలచన, మామూలు, మందం అని మూడు ముక్కల్లో తెలిస్తే డాక్టర్‌కి చాలు.

## నరం చూడటం: నేను ముందు పెట్టేది

కంటి వెనక నరం మొదలయ్యే చోట ఒక గుండ్రటి పళ్లెం, దాని మధ్యలో చిన్న గుంట, అదే కప్పు. ఆ గుంట పళ్లెంలో ఎంత భాగం ఉందో చూసి 0.3, 0.4 అని రాస్తారు. 0.7 దాటినా, రెండు కళ్ల మధ్య తేడా 0.2 కంటే ఎక్కువున్నా అనుమానించాలి. స్లిట్ ల్యాంప్ ముందు గడ్డం పెట్టించి, చేతిలో చిన్న లెన్సు పట్టుకుని డాక్టర్ చూస్తే కొద్ది నిమిషాల పని. ఖరీదైన మెషిన్ అక్కర్లేదు, చూడటం వచ్చిన కళ్లు కావాలి.

ఓసీటీ గొప్పదే, నరం పొర మందాన్ని మైక్రాన్లలో చూపిస్తుంది. ఫీల్డ్ టెస్టులో మార్పు తెలిసేలోపే నరంలో పోగుల్లో పావు నుంచి మూడో వంతు దాకా పోయి ఉండొచ్చు, అందుకే ఓసీటీకి అంత పేరు. కానీ మైనస్ 6, 7 నంబరున్నవాళ్లకి జబ్బు లేకపోయినా ఆ రిపోర్టులో ఎర్ర రంగు వస్తుంటుంది. రిపోర్టు చూసి ఏడ్చుకుంటూ వచ్చినవాళ్లని చూశాను. మనిషి నరం చూసి అనుమానించాక ఓసీటీ తీయిస్తే సరైన వరస. నేరుగా స్కానింగుకి పోతే డబ్బు పోతుంది, టెన్షన్ వస్తుంది.

ఫీల్డ్ టెస్టు మొదటిసారి సరిగ్గా చేయడం ఎవరికీ రాదు. చుక్క కనపడితే బటన్ నొక్కాలి, కనపడనివి చాలా ఉంటాయి, అవి కనపడకపోవడం మామూలే. రెండోసారి చేసిన ఫలితాన్ని నమ్మండి.

## ఎవరికి ఏది

ఇంట్లో నీటికాసులున్నవాళ్లు. అమ్మానాన్నల్లో, అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్లలో ఒకరికుంటే మీ ముప్పు మామూలువాళ్ల కంటే చాలా రెట్లు ఎక్కువ. మీరు కె రీడింగు దగ్గర ఆగొద్దు, క్యాంపు దగ్గరా ఆగొద్దు. నరం, గోల్డ్‌మన్, మందం, గోనియోస్కోపీ నాలుగూ ఒకే రోజు చేయించుకుని, ఆ కాగితాలు దాచుకుని, ఏడాదికోసారి వెళ్లండి. కావలి కుర్రాడికి ఇదే చెప్పి పంపించా, అక్కని కూడా చూపించమన్నా. ఆమె స్లిప్పులో 43.25, మామూలు వంపు, భయపడాల్సిన అంకె ఒక్కటీ లేదు. డాక్టర్ చూస్తే తమ్ముడి నరం శుభ్రంగా ఉంది, అక్క ఎడమకన్ను కప్పు 0.75. ఆమెకి చుక్కల మందు మొదలుపెట్టారు. తమ్ముడిని ఏడాదికి రమ్మన్నారు.

నలభై దాటి, దూరం చూపుకి ప్లస్ నంబరున్న ఆడవాళ్లు. మూసుకుపోయే రకం ఆడవాళ్లలో ఎక్కువ, వయసుతో లెన్సు మందమయ్యేకొద్దీ మూల ఇంకా ఇరుకవుతుంది. సాయంత్రం పూట తలనొప్పి, లైటు చుట్టూ రంగుల చక్రాలు, కాసేపు మసక, తర్వాత సర్దుకోవడం — ఇలా ఉంటే పార్శ్వనొప్పి మాత్రలతో నెట్టుకురావద్దు. మధ్యాహ్నం ప్రెషర్ చూస్తే 15, 16 వస్తుంది, ఎందుకంటే నొప్పి లేనప్పుడు అది మామూలుగానే ఉండొచ్చు. మీకు కావలసిన పరీక్ష గోనియోస్కోపీ. స్లిప్పులో వంపు 45 పైన, ప్లస్ 2, 3 కలిసి ఉంటే ఆ కాగితం తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించండి, కె రీడింగు నిజంగా అక్కరకొచ్చేది మీకే. శుక్లం ఆపరేషన్ కోసం ఇంతకుముందు కంటి కొలతలు తీసుంటే ఇంకా మంచిది: కంటి పొడవు 22 మిల్లీమీటర్ల కంటే తక్కువ, ముందు గది లోతు 2.5 కంటే తక్కువ ఉంటే మూల చూసి తీరాలి. మూల ఇరుకని ముందే తెలిస్తే లేజర్‌తో నల్లగుడ్డు పొరలో చిన్న రంధ్రం పెడతారు, అదే రోజు ఇంటికి రావచ్చు.

ఎర్రబడితే మెడికల్ షాపులో చుక్కలు కొనుక్కునేవాళ్లు. పొగాకు గ్రేడింగు దుమ్ము, రొయ్యల గుంటల దగ్గర ఎండ, ఉప్పుగాలి, కళ్లు దురద పెడతాయి, షాపులో ఇచ్చిన చుక్కలు రెండు రోజుల్లో హాయి ఇస్తాయి. ఆ హాయిలో స్టెరాయిడ్ ఉండొచ్చు. స్టెరాయిడ్ చుక్కలు వారాల తరబడి వేస్తే ముగ్గురిలో ఒకరికి ఎంతోకొంత ప్రెషర్ పెరుగుతుంది, కొందరికి బాగా పెరుగుతుంది. మీకు వంపుతో పని లేదు. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అని ఉంటే ఆ సీసాతో సహా వెళ్లి ప్రెషర్, నరం చూపించుకోండి. ఒక పిల్లాడు ఇంటర్ చదివేవాడు, దురద కోసం ఏడాదిన్నర వేసుకున్నాడు. వాడి గురించి ఇంతకంటే రాయలేను.

చీమకుర్తి క్వారీల్లో పనిచేసేవాళ్లు, కంటికి దెబ్బ తగిలినవాళ్లు. రాయి చెక్క తగిలి అప్పుడు వాపు తగ్గిపోయినా, లోపల మూల చీలి ఉంటే నీటికాసులు ఏళ్ల తర్వాత ఆ ఒక్క కంట్లోనే బయటపడొచ్చు. గోనియోస్కోపీ ఒకసారి, ప్రెషర్ ఏటా.

కళ్లజోడు వదిలించుకోవడానికి లేసిక్ అనే లేజర్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. లేజర్ మీ కార్నియాని చదునూ చేసింది, పలచనా చేసింది, రెండూ ప్రెషర్ రీడింగుని తగ్గించి చూపించేవే. 11 వచ్చిందని సంతోషపడొద్దు. ఆపరేషన్‌కి ముందరి కె రీడింగు, మందం, ప్రెషర్ కాగితాలు ఉంటే బంగారంలా దాచండి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి బెంగుళూరు వెళ్లి అక్కడ చేయించుకున్న పిల్లల కాగితాలు ఇంట్లో ఎక్కడున్నాయో ఒకసారి వెతకండి. కార్నియా శంకువులా సాగే కెరటోకోనస్ ఉన్నవాళ్లకీ ఇలాంటి చిక్కే. వంపు 48 దాటి, రెండు కళ్లకీ పొంతన లేకపోతే ముందు దానికి టోపోగ్రఫీ (కార్నియా వంపుల పటం తీసే పరీక్ష) చేయించాలి, అది వేరే దారి.

పసిపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 'మా పాపకి కళ్లు ఎంత పెద్దవో' అని మురిసిపోతుంటాం. పుట్టుకతో వచ్చే నీటికాసుల్లో ప్రెషర్‌కి కార్నియా సాగి పెద్దదవుతుంది, వంపు తగ్గుతుంది, అంటే పైన చెప్పినదానికి పూర్తిగా ఎదురు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది సుమారు 3,300 మంది పిల్లల్లో ఒకరికి ఉన్నట్టు లెక్క తేలింది, పాశ్చాత్య దేశాల కంటే ఎక్కువ, మనలో మేనరికాలు ఎక్కువ కావడం ఒక కారణం. ఏడాదిలోపు బిడ్డకి నల్లగుడ్డు అడ్డంగా 12 మిల్లీమీటర్లు దాటినా, మబ్బుగా ఉన్నా, వెలుతురు చూడలేక ముఖం దాచుకుంటున్నా, ఊరికే నీళ్లు కారుతున్నా, ఏ పరీక్ష బాగుంటుందని ఆలోచిస్తూ కూర్చోవద్దు, ఆ వారమే పెద్ద ఆసుపత్రికి పోవాలి. అక్కడ మత్తిచ్చి అన్నీ కొలుస్తారు.

ఊళ్లో క్యాంపు పెట్టించే కుర్రాళ్లకి కూడా ఒక మాట. ఆటో రెఫ్రాక్టోమీటర్, అదే స్లిప్పు ఇచ్చే ఆ మెషిన్, తెప్పిస్తే అద్దాలకి పనికొస్తుంది, నీటికాసులకి కాదు. ఉన్న డబ్బుతో నరం చూడగలిగే ఒక డాక్టర్‌ని రప్పించండి. మూల ఇరుకేమోనని చూడటానికి టార్చిలైటు చాలు: చెవి వైపు నుంచి అడ్డంగా కంటి మీద వేస్తే ముక్కు వైపు నల్లగుడ్డు మీద నీడ పడిందంటే ముందు గది లోతు తక్కువని అనుమానించి పైకి పంపొచ్చు. వంపు లెక్క కంటే ఆ నీడే ఎక్కువ చెప్తుంది.

## ఎక్కడికి వెళ్లాలి, ఏం తీసుకెళ్లాలి

మొదటి విడత నెల్లూరులోనో, ఒంగోలులోనో అయిపోతుంది. ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లోనూ కంటి విభాగాలున్నాయి. ఇంకా పైకి పోవాలంటే నెల్లూరు వైపువాళ్లకి చెన్నై శంకర నేత్రాలయ, తిరుపతి అరవింద్ దగ్గర. ఒంగోలు వైపువాళ్లకి పెదకాకాని శంకర కంటి ఆసుపత్రి, విజయవాడ తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ అందుబాటులో ఉంటాయి. దూరం వెళ్లాలన్న పట్టింపు వద్దు, ప్రతి ఏడాదీ వెళ్లగలిగిన చోటే మీకు మంచి చోటు.

కౌంటర్లో 'అద్దాల కోసం' అని కాకుండా 'నీటికాసుల అనుమానం, ఇంట్లో ఫలానావాళ్లకి ఉంది' అని చెప్పండి, ఏ వరసలో కూర్చోబెడతారో ఆ మాట మీదే ఉంటుంది. పాత స్లిప్పులు, పాత కళ్లజోడు, వాడుతున్న చుక్కల సీసాలు, ఆయాసం కోసం పీల్చే మందుంటే అది కూడా సంచిలో వేసుకోండి. కాంటాక్ట్ లెన్సులుంటే ముందే తీసేయండి, లేకపోతే కె రీడింగు తప్పు వస్తుంది. ప్రెషర్ చూసేటప్పుడు చొక్కా పైగుండీ విప్పి, ఊపిరి బిగపట్టకుండా కూర్చోండి. కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేయబోతుంటే 'మూల చూశారా?' అని అడగండి, ఇరుకు మూల ఉన్నవాళ్లకి చూడకుండా వేయకూడదు. ఆ చుక్కలు వేశాక నాలుగైదు గంటలు మసకగా ఉంటుంది, ఎండ కొడుతుంది, కాబట్టి బండి మీరు నడపొద్దు, తోడుగా ఒకరిని తీసుకెళ్లండి. వచ్చినవాళ్ల కళ్లు కూడా అక్కడే చూపించండి.